పెట్టెలో పెట్టిన బైబిలు

చనిపోయిన మనిషి కూడా గడువులోగా ఇన్‌కమ్‌ టాక్స్ రిటర్ను వెయ్యాలని మదనపల్లెలో ఆడిటరు చెబితే నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నాన్న రిటైరైన బడిపంతులు. పోవడానికి కొన్ని నెలల ముందు పుంగనూరులో ఉన్న ఇంటిస్థలం అమ్మారు.

“స్థలం అమ్మినారు కదన్నా, లెక్క చూపించాల్సిందే. ఆయన బదులు వారసుడుగా నువ్వు వెయ్యాల. నెలాఖరు దాటితే ఫైను,” అన్నాడు. పాన్ కార్డు, అమ్మకం పత్రం జిరాక్సు, మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల సర్టిఫికెట్ తెమ్మన్నాడు. ఏది ఎక్కడ ఇస్తారో, ఏది ముందో నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు.

నాన్న పోయింది కుప్పంలో అక్కావాళ్లింట్లో ఉండగా. కాబట్టి మరణ ధ్రువపత్రం కుప్పంలో తీసుకోవాలట. కుటుంబ సర్టిఫికెట్ మాత్రం మదనపల్లెలోనేనట. రెండూ తెచ్చేసరికి పది రోజులు పోయాయి. పాన్ కార్డు, జిరాక్సు కోసం బీరువా మూడుసార్లు తిరగేశాను. మూడోసారి నేల మీద కూలబడ్డాక గుర్తొచ్చింది. నాన్న ముఖ్యమైన కాగితాలన్నీ బైబిల్లోనే పెట్టుకునేవారు. ఆ బైబిలు ఆయనతోపాటే మట్టిలోకి పోయింది.

శవపెట్టెలో పెట్టింది నేనే. “అది ఇంట్లో ఉండనీప్పా, నేను చదువుకుంటా,” అని అమ్మ అడిగింది. “నాయన అది లేకుండా యాడికీ పోయిందే లేదుమా,” అని నేనే ఆయన చేతుల కింద పెట్టాను. నలుగురి ముందు పెద్దకొడుకునన్న పట్టుదల.

ఈ సంగతి అమ్మకు చెప్పలేదు. పుంగనూరు రిజిస్ట్రారాఫీసుకు పోయి అమ్మకం పత్రం నకలు తీయించాను. అందులో పాన్ నంబరు ఉంది. నన్ను వారసుడిగా ఇన్‌కమ్‌ టాక్స్ వాళ్ల కంప్యూటరు ఒప్పుకోవడానికి ఇంకో వారం పట్టింది. చివరి రోజు మధ్యాహ్నం రిటర్ను వేశాం.

రసీదు చూపిస్తూ, పుంగనూరు పోయి పాన్ నంబరు తెచ్చానని చెబితే అమ్మ, “నంబరు కోసరం అంత దూరం యాలప్పా పోయినావు? కార్డు ఏమైంది?” అంది. ఇక దాచలేకపోయాను. కార్డు, జిరాక్సు బైబిల్లో ఉండిపోయాయనీ, ఆఫీసులో నకలు ఇచ్చారు కాబట్టి గండం గట్టెక్కిందనీ చెప్పాను. తిడుతుందనుకున్నాను.

అమ్మ రసీదు మడిచి నా చేతికిచ్చింది.

“పెండ్లయినప్పటి నుంచీ ప్రతి ఆదివారం మీ నాయన దాని అంచుల్లో పెన్సిలుతో ఏందో ఒకటి రాస్తా ఉండె. తీరిగ్గా చదువుకుందామనుకుంటి. దానికి నకలు యాడిస్తారప్పా?”