ఎంటర్ కొట్టే ముందు

మా సారు పోయారన్న ఫోను వచ్చేసరికి నేను పూతలపట్టు కూడలిలో ఒక లారీ ప్రమాదం వివరాలు రాసుకుంటున్నాను. చేసింది ఆయన భార్య. నేను అక్కా అని పిలుస్తాను. "మీ సారు పోయినాడప్పా, ఆరింటికి" అని పెట్టేసింది. వార్త పంపించి చిత్తూరు బస్సెక్కాను.

ఆయన పాలిటెక్నిక్ పిల్లలకు కంప్యూటర్ పాఠాలు చెప్పి రిటైరయ్యారు. నేను ఆయన క్లాసులో ఎప్పుడూ కూర్చోలేదు. పదేళ్ల కిందట నా పాత లాప్‌టాప్ మొరాయిస్తే ఆయన దగ్గరికి తీసుకెళ్లాను. అందులో లినక్స్ వేసి, ఒక నల్లటి తెర తెరిచి, దీన్ని టెర్మినల్ అంటారు, ఇక్కడ మాట టైపు చేస్తే మిషను పని చేస్తుంది అన్నారు. నాలుగు సాయంత్రాలు కూర్చుని ఆ తెరను నాకు సరిపడేలా దిద్దారు. అక్షరాలు నా కళ్లద్దాలకు తగినంత పెద్దవి చేశారు. 'వార్త' అని కొడితే ఆ రోజు తేదీతో ఖాళీ ఫైలు తెరుచుకునేది. 'పంపు' అని కొడితే మా పత్రిక డెస్కుకు వెళ్లేది.

ఒక్క విషయంలోనే మా ఇద్దరికీ వాదన జరిగింది. టెర్మినల్‌లో ఆర్‌ఎం అని కొట్టి ఫైలు పేరిస్తే ఆ ఫైలు చెత్తబుట్టలోకి కూడా పోదు, పూర్తిగా పోతుంది. నాకు భయం. తుడిచినవన్నీ ముందు ఒక ఫోల్డరులో పడేలా మార్చమన్నాను. ఆయన వద్దన్నారు. "నీ మిషన్లో ఒక తీరు, పక్కోడి మిషన్లో ఇంకో తీరయితే సెయ్యికి యాడ తెలుస్తాదప్పా? భయం ఉండనీ. ఎంటర్ కొట్టే ముందు సదువుకో, అంతే." నేను వదల్లేదు. చివరికి మార్చి ఇచ్చారు. ఆ ఫోల్డరుకు 'ఆగు' అని పేరు పెట్టారు.

ఆయన మాత్రం చెప్పినట్టే చేసేవారు. టైపు చేశాక రెండు చేతులూ కీబోర్డు మీది నుంచి ఎత్తి, పెదాలు కదుపుతూ ఆ వరుస చదివి, అప్పుడు ఎంటర్ నొక్కేవారు. రెండక్షరాల కమాండ్‌కైనా అంతే.

రెండేళ్ల కిందట గొంతు క్యాన్సర్ అని తేలింది. స్వరపేటిక తీసేయాలన్నారు. ఆపరేషన్‌కు తొమ్మిది రోజుల గడువుంది. ఆ తొమ్మిది రోజులూ లాప్‌టాప్ ముందు కూర్చుని తన మాటలు రికార్డు చేసుకున్నారు. రెండు వందలకు పైనే. ఒక్కో మాటకూ టెర్మినల్‌లో ఒక చిన్న కమాండ్. తర్వాత 'కాఫీ' అని టైపు చేస్తే "రవంత కాపీ పొయ్‌మే" అని ఆయన గొంతే వంటింటి దాకా వినపడేది. 'యాడ' అని కొడితే "యాడుండావ్‌మే?" అని పిలిచేది. గొంతు తీసేసిన డాక్టర్లు ఈయన అరుపులు తీసేయడం మరిచిపోయినారని అక్క నాతో అనేది. అంటూనే కాఫీ తెచ్చేది.

రికార్డు చేయని మాట అడిగితే తెర మీద ఒక వరుస కనబడేలా ముందే రాసిపెట్టుకున్నారు: 'ఈ మాట ఇంకా చెప్పలా.' ఆపరేషనయ్యాక, ఆ వరుస మార్చకూడదా సార్ అన్నాను. శబ్దం లేకుండా నవ్వి, తల అడ్డంగా ఊపారు.

ఆయన పోయిన ఆరో రోజు అక్క ఆ లాప్‌టాప్ నా ముందు పెట్టింది. పెద్దకర్మకు వచ్చినవాళ్లందరికీ ఆయన గొంతు వినిపించాలంది. తన ఫోన్లోని ఫొటోలు కూడా అందులోకి ఎక్కించమంది. ఫొటోలకు చోటు చాలలేదు. వెతికితే రెండు ఫోల్డర్లు కనిపించాయి, రెండింటిలోనూ అవే పేర్లు. చోటంతా తింటున్నది పెద్దది, అదే నకలు అనుకున్నాను. ఆర్‌ఎం కొట్టి, ఫోల్డరంతా తుడవమని దాని పేరిచ్చి, ఎంటర్ నొక్కాను. పొరపాటైతే 'ఆగు'లో ఉంటుందిలే అన్న ధీమా నా చేతికి పదేళ్ల అలవాటు.

అది నా మిషను కాదు. ఆయన మిషన్లో 'ఆగు' లేదు. మిగిలిన ఫోల్డరులో ఉన్నవి మాటలు కావు, నేను తుడిచిన వాటికి దారి చూపే గుర్తులు మాత్రమే.

లాప్‌టాప్ అప్పటికప్పుడు ఆపి తిరుపతికి తీసుకెళ్లాను. పోయిన ఫైళ్లు తీసిచ్చే షాపులో రెండు రోజులు ఉంచుకుని, ఈ రకం డిస్కులో తుడిస్తే ఇక దొరకదని చెప్పారు. రెండో షాపులోనూ అదే మాట. సారు అల్మరాలోని పెన్‌డ్రైవ్‌లన్నీ చూశాను. రాసిన పాఠాలున్నాయి, ఆయన గొంతు లేదు. నంబరు దొరికిన ప్రతి శిష్యుడికీ ఫోన్ చేశాను. వీడ్కోలు సభ వీడియో ఒకటి దొరికింది. అందులో ఆయన ఏడు నిమిషాలు మాట్లాడారు. ఎవరో దాని మీద మొదటి నుంచి చివరి దాకా సన్నాయి వేశారు, మాట ఒక్కటీ వినపడదు. కాణిపాకంలో ఆయన తమ్ముడి ఇంట్లో మూడు పాత ఫోన్లకు ఛార్జింగ్ పెట్టి వెతికాను. వాటిలోనూ లేదు. నలుగురిని అడిగి సంగతి రాబట్టడమే నా పని. ఆ పని ఇక్కడ పనికి రాలేదు.

పెద్దకర్మకు ముందు రోజు అక్కకు చెప్పాను. బియ్యం చేట పక్కన పెట్టి అంతా విన్నది. అడిగింది ఒక్కటే.

"ఎంటర్ కొట్టే ముందు సదువుకోలేదా అప్పా?"

లేదక్కా అన్నాను. ఆమె చేట మళ్లీ దగ్గరికి లాక్కుంది.

ఇంటికొచ్చి నా లాప్‌టాప్‌లో 'ఆగు' తీసేశాను. సారు వద్దన్నది పదేళ్లకు అర్థమైంది. అర్థమైందని చెప్పడానికి ఆయన లేరు.

పోయిన ఆదివారం వాళ్లింటికి వెళ్లాను. హాల్లో బల్ల మీద లాప్‌టాప్ తెరిచి ఉంది, అదే నల్లటి తెర. అక్క ఒక్కో అక్షరం వెతుక్కుంటూ 'యాడ' అని టైపు చేసింది. రెండు చేతులూ ఎత్తింది. పెదాలు కదుపుతూ చదువుకుంది. అప్పుడు ఎంటర్ నొక్కింది.

ఈ మాట ఇంకా చెప్పలా.

దాని కింద కర్సర్ వెలిగి ఆరుతూ ఉంది. అక్క చేతులు ఒళ్లో పెట్టుకుని దాని వైపే చూస్తూ కూర్చుంది.