జర నిమ్మలం

బడి మధ్యలోనే మానేశాను కనుక నాకు తెలియని విషయం లేదు. తొంభైల చివర, కొత్తగూడలో ఆఫీసులు లేస్తున్న రోజుల్లో, అక్కడ కూలి చేసే మాకు వండిపెట్టే అత్త పెంచుకునే పిల్లిని పాము కరిచింది. కాటుపడ్డ కాలికి తాడు బిగించి, బ్లేడుతో గాటు పెడదామన్నాను.

ఎవరు తొందరపడినా అత్తది ఒకటే మాట: "జర నిమ్మలం." ఆ మాటే అని నా చేతిలోని బ్లేడు లాక్కుంది. పిల్లిని ఇసుక తట్టలో కదలకుండా పడుకోబెట్టి, ఆటో ఎక్కి, "పశువుల దవాఖానకు జల్దీ పోనియ్యి!" అని అరిచింది. ఆమె నోట జల్దీ అన్న మాట వినడం అదే మొదలు.

సూది మందు పనిచేసింది. మర్నాడు పిల్లి లేచి నా కంచంలో మూతి పెడితే, తిట్టాల్సినవాణ్ణి నవ్వేశాను.

"అత్తా, నన్ను పాము కరిచినా గిట్లనే తీస్కపోతవా?"

"అది సప్పుడు జేయకుంట పండింది, బతికింది. నువ్వు దవాఖాన దాక నోరు మూస్తవా?"