రమ్మన్న గొంతు

మా నాగావ్ గల్లీలో ఒక మాట ఇప్పటికీ నడుస్తోంది. ఆగయ్య కన్నబిడ్డను తొలి కాన్పుకు రానీయలేదట, తల్లి లేని పిల్లను ఫోన్‌లోనే కసిరి వద్దన్నాడట. ఆ మాట అనేవాళ్లలో ఒక్కరూ ఆ రోజు అక్కడ లేరు. నేనున్నాను.

ఆగయ్యది జగిత్యాల దిక్కు. పదిహేనేళ్ల వయసులో ఈ మగ్గాల ఊరికి వచ్చి సాంచల మీద నిలబడ్డాడు. కరెంటు మగ్గాన్ని మేం సాంచ అంటాం. ఇరవై నాలుగు సాంచలు ఒక్కసారి ఆడే కార్ఖానాలో మెల్లగా మాట్లాడితే పక్కవాడికి పెదవుల కదలికే మిగులుతుంది. అందుకే అక్కడివాళ్లు దెబ్బకూ దెబ్బకూ నడుమ ఒక్కో మాట గట్టిగా విసురుతారు. మిగతాది చేతులతో, కనుబొమ్మలతో చెప్పుకుంటారు. ముప్పై ఏళ్లు అట్లా పనిచేసేసరికి ఆగయ్య గొంతులో ఎత్తూ పల్లం పోయాయి. చెవులూ మందగించాయి. నీళ్లు ఇమ్మన్నా, ఇల్లు కాలుతోందన్నా ఒకటే తీరు. భార్య గంగాబాయి బతికున్నప్పుడు నవ్వేది: "మా ఆయన ముద్దు చేసినా పోలీసోళ్లు ఉరికొస్తరు అక్కా." మాకు అలవాటే. మొహం చూసి మాట అర్థం చేసుకునేవాళ్లం.

గంగాబాయి పోయిన మరుసటి ఏడు, తొంభై తొమ్మిదిలో, షోలాపూర్‌లో ఇచ్చిన బిడ్డ రూపాలికి ఏడో నెల పడింది. తొలి కాన్పు పుట్టింట్లోనే కావాలి మాలో. కానీ తల్లి లేని ఇంటికి రమ్మంటారో లేదోనని దానికి బెరుకు. మూలమీది ఫోన్ బూత్‌కు చేసి తండ్రిని పిలిపించింది. రూపాలికి పెద్దమ్మ వరసైన నన్నెవరూ పిలవలేదు, నేనే వెంట పోయాను.

"రా బిడ్డా. నీ ఇల్లే. నేనున్న. పెద్దమ్మ ఉన్నది. రా."

అన్నవి ఇవే. ఒక్కొక్కటీ ఇటుక పడ్డట్టు పడింది. కానీ ఆ మనిషి కళ్ల నిండా నీళ్లు. ఖాళీగా ఉన్న కుడిచెయ్యి పసిదాన్ని జోకొడుతున్నట్టు గాలిలో ఆడుతోంది. ఎంత ప్రేమగా పిలిచాడో అనుకున్నాను. తీగ అవతలికి చెయ్యి పోదని నా బుర్రకు తట్టలేదు. ఫోన్ అందుకుని నేను నాలుగు మాటలు మాట్లాడినా అయిపోయేది.

ఆగయ్య ఇంటికి సున్నం వేయించాడు. ఉయ్యాలకు కొక్కెం కొట్టించాడు. పిల్ల రాలేదు. "అత్తోళ్లు పంపలేదేమో" అన్నాడు ఒకసారి. ఆ తర్వాత ఆ ఊసెత్తలేదు. ఉత్తరం రాయించుకోమంటే తల అడ్డంగా ఊపాడు.

మూడేళ్లకు రూపాలి మా ఊళ్లోనే ఉన్న కామత్‌ఘర్‌లో ఏదో పెళ్లికి వచ్చిందని తెలిసి పోయాను. ఒళ్లో కూతురు. మా గల్లీ వైపు తొంగి చూడలేదు. నాకు కడుపులో మాట నిలవదు.

"ఏందే, తండ్రి గడప గింత దూరమైందా?"

"రా అన్నడు పెద్దమ్మా. ఎట్లన్నడు? నీ ఇల్లే అని దెప్పినట్టు అన్నడు. అమ్మ లేకపోయేసరికి బాపు గిట్లయిండని ఫోన్ ఏడ్సుకుంట పెట్టేసిన. నొప్పులల్ల పక్కింటి ముసలామె చెయ్యి పట్టుకున్న."

ఆ కళ్ల సంగతీ, ఆ చేతి సంగతీ చెప్పాను. అది పిల్ల జుట్టు సవరించింది. మొహం చూడకుండా తండ్రి మాట వినడం దానికి ఆనాటి ఫోన్‌లోనే మొదలు.

"నువ్వు అబద్ధం చెప్పవు పెద్దమ్మా. గనీ మళ్లొక్కసారి చేస్తే ఏమాయె? మూడేండ్లు చూసిన. నువ్వే అడుగు."

షోలాపూర్ బస్సుకు వేళైందని పెనిమిటి ఆటో తెచ్చాడు. వెళ్లిపోయింది.

ఆ సాయంత్రమే ఆగయ్య గడపలో కూర్చుని, చెవి దగ్గర నోరు పెట్టి సూటిగా అడిగాను: "మళ్ల ఎందుకు ఫోన్ చెయ్యలే ఆగయ్యా?"

"దాని ఏడుపు ఇనొచ్చింది వదినా, పెట్టేసేటప్పుడు. మళ్ల చేసినా గీ గొంతుతోనే గద పిలవాలె."