పాడె దగ్గర పలకనివాడు

నాగలమడిక ఏటి ఒడ్డున ఈతబరికెలతో గంపలల్లే కొరచ కులంవాళ్ళ ఇళ్ళు ఒకప్పుడు పన్నెండు. కరువు మీద కరువు వచ్చి పది ఇళ్ళవాళ్ళు బెంగళూరు మట్టిపనికి పోయారు. పంతొమ్మిది వందల తొంభై ఒకటి నాటికి ఊళ్ళో కొరచ మాట ఆడేది ఇద్దరే: ఆంజినమ్మ, ఆమె అక్క నాగక్క. ఆంజినమ్మ కొడుకు శివన్నకూ ఆ మాట వచ్చు. రాదని చెప్పుకునేవాడు, అంతే.

ఎందుకంటే ఊరికి అది భాష కాదు, దొంగల గుట్టు. ఎనభై అయిదులో ఊరి పెద్ద రైతు వెంకటేశప్ప కల్లంలో రెండు మూటల చెనక్కాయలు పోయాయి. ఆ పొద్దున గంపలమ్మడానికి వచ్చిన అక్కచెల్లెళ్ళు ఏదో మాట్లాడుకుని నవ్వారట. ఆ నవ్వే సాక్ష్యం! వాళ్ళు నవ్వింది ఆయన రంగేసిన మీసాన్ని చూసి. ఆయన ఫిర్యాదు మీద పోలీసులు వచ్చి నాగక్క వేళ్ళ మీద లాఠీతో కొట్టారు. తర్వాత మూటలు ఆయన బామ్మర్ది ఇంట్లోనే దొరికాయి. తప్పయిందని ఎవడూ అనలేదు. వంకరపోయిన వేళ్ళతో నాగక్క ఇంక గంప అల్లలేదు. శివన్న మాత్రం తల్లినే కసిరాడు.

"పిల్లోళ్ళ ముందర ఆ మాట ఎత్తొద్దమా. మళ్ళా నా ఇంటికి పోలీసోళ్ళు రాకూడదు."

ఆనాటి నుంచి అక్కచెల్లెళ్ళు ఏట్లో ఈతపొదల చాటున మాట్లాడుకున్నారు. నిజంగానే దొంగల్లాగా.

తొంభై ఒకటి ఎండాకాలంలో నాగక్క చచ్చిపోయింది.

వాళ్ళ వంశంలో ఒక కట్టుబాటు. పాడె లేపేముందు తోడబుట్టిన ఆడది "పోతున్నావా?" అని కొరచ మాటలో మూడుసార్లు అడగాలి. చచ్చినవాళ్ళ తరఫున కొడుకు వరసవాడు అదే మాటలో "పోతున్నా, దోవ విడువు" అని పలకాలి. నాగక్కకు పిల్లల్లేరు. పలకాల్సింది శివన్నే.

ఆంజినమ్మ అడిగింది. శివన్న నేల చూశాడు. రెండోసారి అడిగింది. శవాన్ని చూడ్డానికి వచ్చిన వెంకటేశప్ప పక్కనే నిలబడి ఉన్నాడు. శివన్న కూలికి పోయేది ఆయన చేనికే.

"ఏంది శివన్నా, మీయమ్మ ఏమో అంటాండాది? మాకూ చెప్పప్పా!" అన్నాడాయన.

మూడోసారి అడిగింది. శివన్న తెలుగులో గొణిగాడు. "పోతాండా. దోవ ఇడు."

ఆంజినమ్మ లేచి వాడి చెంప పగలగొట్టింది.

"నా పాలు తాగినప్పుడు ఏ మాటలో ఏడ్చినావురా? మాయక్క యేళ్ళు ఇరగ్గొట్టించినోడు ఈడే నిలబడుకోనుండాడు. వానికి లేని సిగ్గు నీకు వచ్చిందా?"

"అమా, ఎండెక్కుతాండాది. ఎత్తుతాము."

"ముట్టుకుంటే చెయ్యి ఇరుస్తా. పలుకు."

ఎండ నడినెత్తికి వచ్చింది. వెంకటేశప్ప తువ్వాలు తలకు చుట్టుకుని పోయాడు. జనమూ జారుకున్నారు. మోసే నలుగురూ గోడనీడకు చేరారు. అప్పుడు పలికాడు శివన్న. కొరచ మాటలోనే, ఒక్క ముక్క తప్పకుండా.

ఆంజినమ్మకు ఒళ్ళు ఇంకా మండింది.

"ఇంత బాగా వస్తాదే నీకు! ఆయప్ప ఉండంగా పలికింటే నీ సొమ్మేం పోయేది? నేను సచ్చినప్పుడు నువ్వు పలికే పని లేదులే. అడిగేదానికి ఎవురుండారురా?"

శివన్న మోసేవాళ్ళను కేకేశాడు.