దీవి మొత్తానికి స్నేహశీలి మా బావ

మా బావ స్నేహశీలి అని పుస్తకంలో అచ్చయింది. అచ్చు వేసినవాడికి ఏం పోయింది? అనుభవిస్తున్నది మేము.

బావంటే మా అక్క మొగుడు. రేవు వీధిలో చెప్పులు, బూట్లు బాగుచేసే కొట్టు ఆయనది. నేను ఎదురుగా లాంచీ టిక్కెట్ల కిటికీలో కూర్చుంటాను కాబట్టి ఆయన సంగతి నాకు రోజూ కనిపిస్తూనే ఉంటుంది. అంతటి ముక్కోపి ఈ దీవిలో ఇంకొకడు లేడు. చెప్పు తెగిందని ఎవరైనా వస్తే, తెగేదాకా ఏం చేస్తున్నావని ముందు నాలుగు చీవాట్లు పెడతాడు. అది అయ్యాకే చెప్పు చేతిలోకి తీసుకుంటాడు.

పని మొదలుపెట్టగానే చిన్న మేకులు గుప్పెడు నోట్లో పోసుకుంటాడు. ఒక్కొక్కదాన్నీ నాలుకతో పెదవుల మధ్యకు తోస్తాడు, వేళ్లతో అందుకుంటాడు, సుత్తితో కొడతాడు. మాటిమాటికీ డబ్బాలో చెయ్యి పెట్టే అవసరం ఉండదని ఆయన గురువు నేర్పిన పద్ధతి అది. మేకులు జారిపోకుండా పెదవులు బిగించి రెండు మూలలా పైకి లాగి పెడతాడు. తెలియనివాళ్లకు అది చిరునవ్వు. అంతసేపూ మాట్లాడలేడు కదా, ఎవరేమన్నా తల ఊపుతాడు.

మూడేళ్ల కిందట ఇంటెడు సామాను వీపున వేసుకుని ఒక పొడుగాటి విదేశీయుడు దిగాడు. బూటు అడుగు ఊడిపోయింది. బావ దాన్ని బాగుచేస్తున్నంతసేపూ వాడు ఏదో చెబుతూనే ఉన్నాడు. చెప్పి చెప్పి కళ్లు తుడుచుకున్నాడు. బావ తల ఊపాడు. వాడి భాషలో ఒక్క ముక్క మా బావకు రాదు. వెళ్లేముందు వాడు బావను గట్టిగా కౌగిలించుకున్నాడు. ఇంకొంచెం ఉంటే మేకులు మింగి చచ్చేవాణ్ణని బావ ఆ సాయంత్రం దాకా వాణ్ణి తిడుతూనే ఉన్నాడు.

ఆ పొడుగువాడు ఇంటికెళ్లి పుస్తకం రాశాడు. పర్యాటక శాఖ ఆఫీసరు దాన్ని తెచ్చి మా అందరికీ అర్థం చెప్పి మరీ వినిపించాడు. ఈ దూర దీవిలో అడుగడుగునా ఆత్మీయులేనట. వాళ్లలో రేవు వీధి చెప్పులాయన అందరికన్నా మిన్నట. కన్నతండ్రి కూడా విననంత ఓపికగా తన బాధ విన్నాడట!

ఇక చూడండి మా పాట్లు. లాంచీ దిగడమే ఆలస్యం, ఆయన కొట్టెక్కడ అని నా ప్రాణం తీస్తారు. ఉద్యోగం మానేసినవాడొకడు, పెళ్లాం వదిలేసినవాడొకడు, తనను తాను వెతుక్కుంటూ బయల్దేరినదొకతె. వాళ్ల ఊళ్లో పోగొట్టుకున్నది మా రేవులో ఎలా దొరుకుతుందో ఆ మహాతల్లికే తెలియాలి. బూట్లు బాగున్నవాళ్లకు మరీ చిక్కు. ఒకడు కుళాయి చాటున కూర్చుని చెంచాతో బూటు అడుగు పెకలించుకోవడం నేను కళ్లారా చూశాను. మీ జనం ఎంత ఆప్యాయంగా ఉంటారో అని నాతోనూ అంటారు, వరసలో నిలబడమని నేను గొంతు చించుకుని అరుస్తున్నప్పుడు కూడా.

ఆఫీసరు బావ కొట్టు ముందు ఒక బెంచీ వేయించాడు. దాని మీద "ఇక్కడ మనసు విప్పండి" అని నాలుగు భాషల్లో బోర్డు పెట్టించాడు. "పని లేకపోయినా సరే, ఆ మేకులు మాత్రం నోట్లో ఉంచుకోవయ్యా, నీకు పుణ్యముంటుంది" అని బతిమాలాడు. బావ మొదట కస్సుమన్నాడు. తర్వాత తర్వాత రుచి మరిగాడు. తల దువ్వుకుని కొట్టుకు వెళ్లడం మొదలుపెట్టాడు. ఇంటికొచ్చి అన్నానికి కూర్చున్నాక కూడా అక్క ఏదైనా అంటే అదే తల ఊపుడు.

మా అక్క కుట్టుపనిలో చెయ్యి తిరిగిన మనిషి. అవతలి పెద్ద దీవిలో ఆడపిల్లల హాస్టల్లో కుట్టు నేర్పే ఉద్యోగం వచ్చింది. రెండేళ్లు అక్కడే ఉండాలి. శనివారం లాంచీకి రావాలని ఉత్తరం రాశారు. ఆ సంగతి బావకు ఇంట్లో మూడుసార్లు చెప్పింది. మూడుసార్లూ తల ఊపాడు. నాలుగోసారి ఏకంగా కొట్టుకే వచ్చి, ఇద్దరు విదేశీయుల వెనక బెంచీ మీద కూర్చుంది. తన వంతు వచ్చాక చెప్పింది. బావ తల ఊపాడు. పక్కనున్న అమ్మాయి ఎంత అన్యోన్యమైన జంటో అన్నట్టు మొహం పెట్టి వాళ్లిద్దరికీ ఫోటో తీసింది.

అక్క సరాసరి నా కిటికీ దగ్గరకొచ్చింది.

"చూశావా? లోకంలో అందరి బాధా వింటాడు, నాది తప్ప."

"వాళ్లది మాత్రం విన్నాడా ఏంటి? నీ ఒక్కదానికే అన్యాయం జరగలేదులే అక్కా" అన్నాను.

అక్క నవ్వలేదు. "నోరు తెరిచి వద్దు అంటే ఆగిపోతానే. వెళ్లిరా అన్నా సంతోషంగా వెళ్లి, రెండేళ్లకు తిరిగొస్తాను. ఏదీ అనకపోతే మాత్రం ఆయనకు నేను ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. ఇక రాను."

ఆ రోజంతా బావను మనసులో తిట్టని తిట్టు లేదు. విననివాడు మనిషే కాదనుకున్నాను.

శనివారం పొద్దున అక్క కుట్టుమిషను పెట్టెతో సహా గేటు దాటి లోపల కూర్చుంది. టిక్కెట్టు లేనివాళ్లను గేటు దాటనివ్వరు. లాంచీ కదిలేముందు ప్రయాణికుల జాబితా ఇవ్వడానికి లోపలికి వెళ్లేది నేనొక్కదాన్నే. నా ముందు సంచీలవాళ్ల వరస వీధి మలుపు దాకా ఉంది. అందులో ఒకడు మనిషంత సంచీకి వేరే టిక్కెట్టు ఎందుకు తీసుకోవాలని నాతో గొడవ పెట్టుకున్నాడు.

అప్పుడొచ్చాడు బావ. పరుగెత్తుకొచ్చినట్టున్నాడు, రొప్పుతున్నాడు. కిటికీ పక్కగా తల దూర్చి "మీ అక్కతో..." అని మొదలుపెట్టాడు. మెల్లగా, ఆగి ఆగి చాలాసేపు చెప్పాడు. నా చూపు సంచీవాడి మీద ఉంది. వాడు వేలు చూపించాడు, నేనూ చూపించాను. ఎవరినైనా పిలుచుకో పొమ్మని అరిచాను. మధ్యలో బావ వైపు తిరిగి "సరే బావా, చెప్తాలే, పక్కకు జరుగు" అన్నాను. ఆయన పక్కకు జరిగాడు.

జాబితా తీసుకుని లోపలికి వెళ్లేసరికి అక్క లేచి ఎదురొచ్చింది.

"మీ బావ కిటికీ దగ్గర కనిపించాడు. ఏమన్నాడే?"

అప్పటికి గానీ నాకు తెలిసిరాలేదు, నేను ఒక్క ముక్క కూడా వినలేదని. బయటకు వెళ్లి అడిగి రావాలంటే టైము లేదు, లాంచీ నడిపే సరంగు అప్పటికే తొందరపెడుతున్నాడు. వినలేదక్కా అని చెప్పడానికి నాకు మొహం చెల్లలేదు. ఏం చెబితే దాని మనసు కుదుటపడుతుందో అది చెప్పాను.

"సంతోషంగా వెళ్లి రమ్మన్నాడు అక్కా."

"నిజంగా? నోరు తెరిచి అన్నాడా?"

"నోరు తెరిచే అన్నాడు."

అక్క మొహం విప్పారింది. కొంగుతో కళ్లు ఒత్తుకుని, నా బుగ్గ గిల్లి, చిన్నపిల్లలాగా చకచకా లాంచీ ఎక్కేసింది.

నేను బయటకొచ్చేసరికి బావ గేటు కమ్మీలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. అక్క పెట్టె తిరిగి ఇంటికి మోయడానికి కూలివాణ్ణి కూడా పిలిచి పక్కన నిలబెట్టుకున్నాడు. లాంచీ కూత వేసి కదిలింది. ఆయన నా భుజం మీదుగా లోపలికి చూస్తూనే ఉన్నాడు.

"చెప్పావా?"

"చెప్పాను బావా."

"అంతా చెప్పావా?"

"అంతా చెప్పాను."

"మరి ఎందుకు వెళ్లిపోయింది?"