సత్యమ్మ మందు సీసా

చిల్పూర్‌లో సత్యమ్మ పుట్టినప్పుడు తల్లీ నలుపే, తండ్రీ నలుపే. పిల్ల మాత్రం తల వెంట్రుకలతో సహా తెల్లగా పుట్టింది. ఆ తెలుపును ఊరు నలభై ఏళ్లు అపశకునంగానే చూసింది. పొద్దున్నే ఆమె ఎదురైతే ఆడవాళ్లు వెనక్కి మళ్లి, ఇంట్లో కాసేపు కూర్చుని మళ్లీ బయల్దేరేవాళ్లు. ఏ ఇంటి శుభకార్యానికీ బొట్టు పెట్టి పిలవలేదు, పెళ్లి మాట ఎవరూ ఎత్తలేదు. తండ్రి వదిలిపోయిన ఎకరన్నర పొలమే ఆమెను కాదనలేదు. అదీ ఆమె ఒంటికి పడని ఎండలోనే ఉండె, ఏం చేస్తుంది పాపం!

ఎనభై మూడులో, వానలకు ముందు, ముక్కు మీద పుండు ఎంతకీ మానక బస్సెక్కి వరంగల్ దవాఖానకు పోయింది. చర్మాల డాక్టరు ఓపిక గలవాడు, అన్నీ విడమరిచి చెప్పాడు. నల్లని చర్మానికి ఎండను ఆపే గుణం పుట్టుకతోనే కొంత ఉంటుందట. అయినా పొద్దంతా ఎండలో పనిచేసేవాళ్లు ఎండను ఆపే మందు కాస్త పూసుకుంటే మంచిదేనట. నలుపు తగ్గేకొద్దీ జాగ్రత్త పెరగాలట. సత్యమ్మకు ఆ గుణం బొత్తిగా లేదు కాబట్టి గడప దాటే పావుగంట ముందే మందంగా పూసుకోవాలి, చెమటకు కారిపోతే మళ్లీ పూసుకోవాలి, నిండు చేతుల రవిక తొడగాలి, నడిమధ్యాహ్నం పొలం జోలికి పోకూడదు. దవాఖానలోనే కలిపిన తెల్లటి మందును పెద్ద సీసాకు నింపి ఇచ్చారు.

"గిది రెండు నెలలు రావాలె. పుండు పెరిగితే ముక్కు కోసుడే అయితది," అన్నాడు డాక్టరు.

వారం తిరక్కుండానే పుండు తగ్గుముఖం పట్టింది. సరిగ్గా అప్పుడే దిగింది పొరుగింటి వజ్రమ్మ. ఇరవై ఏళ్లలో గోడ అవతలి నుంచైనా పలకరించని మహాతల్లి, వచ్చి అరుగు మీద కూర్చుని నోరారా "అక్కా" అంది. సత్యమ్మ తెలుపు తగ్గకుండా డాక్టరు ఇచ్చిన మందని ఊళ్లో పుకారు. తన బిడ్డ అండాలు నలుపు విరగాలంటే ఓ చుక్క చాలట. ఇది రంగుకు కాదని, ఎండకని సత్యమ్మ చెప్పింది. నీ ఒక్కదానికే దక్కాలంటావా అక్కా అని వజ్రమ్మ చిన్నబుచ్చుకుంది. ఆ అక్క అనే మాటకు సత్యమ్మ నీరైపోయి సీసా చేతికిచ్చింది. పూయగానే అండాలు మొహం తెల్లబడనే తెల్లబడింది, అది మందు పూత అంటే వినేదెవరు?

మర్నాడు నలుగురు, ఆ పైవారం పదిమంది. ఒకామె గుడాలు వండి తెచ్చింది. ఇంకొకామె సత్యమ్మ తల దువ్వింది. ఆ తెల్ల వెంట్రుకలను తల్లి పోయాక మరో చెయ్యి తాకడం అదే మొదలు. వజ్రమ్మ బొట్టు పెట్టి మరీ ఇంటికి పిలిచింది. ఇరవై రోజులకు సీసా అడుగు కనిపించింది.

లేదని చెప్పరాదా, నీ మొహమాటం మండ! చెప్పబోయింది కూడా. ఖాళీ సీసా చూసి వజ్రమ్మ అప్పుడే లేవబోయింది. రేపు రమ్మని చెప్పి, సత్యమ్మ కొబ్బరినూనెలో మొహం పౌడరు కలిపి సీసా నింపింది. తెల్లారి అందరూ అదే పూసుకున్నారు, తనూ అదే పూసుకుని కలుపు తీయడానికి పోయింది.

రెండు నెలలకు దవాఖానకు వెళ్తే డాక్టరు ఆమె మొహాన్ని కిటికీ వైపు తిప్పి చాలాసేపు చూశాడు. మందు పూస్తున్నావా అని అడిగాడు. రోజూ పూస్తున్నానని చెప్పింది. ఆయన హైదరాబాద్ పెద్ద దవాఖానకు చీటీ రాశాడు.

"ఆపరేషన్ చెయ్యాలె. నెలరోజులు ఆడనే ఉండాలె. తోడు ఎవరొస్తరు?"

సత్యమ్మ చీటీని కొంగున ముడి వేసుకుంది.

"ఇంకో సీసా ఇయ్యుండ్రి సారు," అంది. "అదుంటే ఎవరన్న వస్తరు."