నా బిడ్డ వదిలేసిన ఇంటిపేరు

ప్రియ సహోదరులారా, సహోదరీలారా, మీ ఎదుట నిలబడి మాట్లాడే యోగ్యత నాకు లేదు, అయినా నా దేవుడు చేసిన మేలును లోపలే దాచుకుంటే నాకు ఊపిరాడదు కనుక చెబుతున్నాను, ఓపికగా వినండి. నా పేరు పాలమాకుల యాదగిరి, ఉండేది చందానగర్, స్లాబులకు సెంట్రింగ్ కొట్టే మేస్త్రీని. హైటెక్ సిటీలో మీరు చూసే అద్దాల బిల్డింగుల్లో నాలుగైదింటికి ఈ చేతులతోనే చెక్కలు కొట్టాను, కానీ ఆ చేతులతోనే ఇరవై ఏళ్లు సీసా పట్టుకొని నా ఇంటిని కూలగొట్టుకున్నాను! నా భార్య సుగుణ విశ్వాసి. కొత్తగూడలో ఒక ఆఫీసులో ఊడ్చి తుడిచి, మా ఒక్కగానొక్క బిడ్డ కెజియాను చదివించింది, ఆ బిడ్డ ఒక పెద్ద కంపెనీలో ఉద్యోగం తెచ్చుకుంది. ఇందులో నేను చేసింది ఏమీ లేదు.

అయినా గొప్ప మాత్రం నాకే కావాలనిపించింది. ఒకనాడు పట్టపగలు తాగి ఆ కంపెనీ గేటు దగ్గరికి పోయాను. సెక్యూరిటీ అతను ఎవరు కావాలని అడిగితే, “పాలమాకుల కెజియా! నా బిడ్డ! నా ఇంటిపేరు పెట్టుకొని లోపల ఏసీల కూసున్నది, నన్ను ఎండల నిలబెడ్తరా?” అని గొంతు చించుకొని అరిచాను. అది భోజనాల వేళ, మెడలో కార్డులు వేసుకున్న పిల్లలందరూ ఆగి చూస్తున్నారు. నా బిడ్డ వచ్చింది, నా చేయి పట్టుకుంది, ఆటో ఎక్కించింది, దారిలో నేను దాని చున్నీ మీదే కక్కుకున్నాను, అయినా ఒక్క మాట అనలేదు. ఆ రోజు నుంచి నన్ను నాయినా అని పిలవడం మానేసింది. ఆ సాయంత్రం వాళ్లమ్మతో అంటుంటే విన్నాను: “అమ్మా, ఈ ఇంటిపేరు నాకొద్దు. మీ పుట్టింటోళ్ల పేరు పెట్టుకుంట.”

నాలుగు నెలలు తిరగకముందే నాకు కామెర్లు ముదిరి, కడుపు ఉబ్బి, దవాఖానలో పడ్డాను. ఆశ పెట్టుకోవద్దని డాక్టరు నా భార్యతో చెప్పేశాడు. సుగుణ, మన సంఘంలోని అక్కలు వచ్చి నా మంచం చుట్టూ మోకాళ్లూనారు. నాకు ప్రార్థన అంటే ఏమిటో తెలియదు సహోదరులారా, గోడ వైపు తిరిగి, “ఏసయ్యా, నేను బతకనీకి పనికొచ్చే మనిషిని కాదు, అయినా ఒక్కసారి లేపు, నా బిడ్డ నన్ను తెలివిల ఉండంగ ఒక్కపారి చూడాలె” అని ఏడ్చాను. దేవుడు లేపాడు! మందు వాసన తగిలితేనే ముఖం తిప్పుకునేటట్టు చేశాడు! రెండేళ్లయింది, చుక్క ముట్టలేదు, దేవునికే మహిమ!

ఇక్కడితో నా సాక్ష్యం అయిపోయిందని మీరనుకుంటారు, నేనూ అలాగే అనుకున్నాను. నేను బాగుపడ్డాను కదా, ఇక బిడ్డ ఆ ఇంటిపేరు సంగతి మరిచిపోయి ఉంటుందని లోలోపల మురిసిపోయాను. కానీ ఒక ఆదివారం ఆరాధన నుంచి వచ్చాక నా ఎదురుగా కూర్చొని, ఇంటిపేరు మార్చుకోవడానికి వచ్చే వారం నోటరీ దగ్గరికి పోతున్నానని చెప్పింది. నాకు కోపం ఆగలేదు. “తాగినప్పుడు ఓర్చుకున్నవ్, మంచిగైనంక ఇడిసిపెడ్తవా?” అన్నాను.

“నువ్వు గట్లనే తాగుకుంట ఉంటే ఎప్పుడో మార్చుకుందును,” అంది. “నువ్వు మంచిగైనవనే ఏడాది సంది ఆ కాగితం నింపుడు, చింపుడు. మార్చుకుంటే నువ్వు మల్ల తాగుతవేమో అని భయం. మార్చుకోకపోతే, ఎవరన్న ఆఫీసుల ఆ పేరు పిలిస్తే నాకు ఆ గేటే కండ్ల ముందటికొస్తది. స్కూల్ల హాజరు పిలుస్తుంటే తాగుబోతోని బిడ్డ అని పిల్లలు నవ్వేటోళ్లు. కిరాయికి ఇల్లు అడగబోతే, ఆ తాగుబోతోని ఇంటోళ్లా అని తలుపేసేటోళ్లు. గదంతా ఆ పేరుల్నే ఉన్నది.”

నేను లేచి వెళ్లిపోయాను. “ప్రభువా, నా బిడ్డ మనసు మార్చు, నా పేరు నిలబెట్టు” అని వారం రోజులు ఉపవాసమున్నాను. దేవుడు ఆ ప్రార్థన వినలేదు, విననందుకే ఈ రోజు ఆయనను స్తుతిస్తున్నాను! ఎందుకంటే ఆ వారంలోనే మన పాస్టరు అయ్యగారు, ఇంకా జరగవలసి ఉన్న నా బాప్తిస్మం సంగతి మాట్లాడి, కొత్త పేరు ఏమైనా పెట్టుకుంటావా అని అడిగారు. పౌలు అని పెట్టుకుంటానని సంతోషంగా చెప్పి, ఇంటికొచ్చి ఆ మాట చెప్పాను. కెజియా అన్నం కలుపుతూ ఆగింది.

“ఉన్న పేరుకు ఏమైంది?” అని అడిగింది.

“యాదగిరి అని ఎవరు పిలిచినా నాకు ఆ తాగుబోతే యాదికొస్తడు బిడ్డా. దేవుడు క్షమించిండు, నిజమే. గని ఆ పిలుపు చెవుల పడితే పానం తట్టుకుంటలేదు.”

నా బిడ్డ నా ముఖంలోకి చూసి, చాలా మెల్లగా, “నాక్కూడ గంతే,” అంది.

అయ్యో సహోదరులారా! నన్ను ఎవరైనా తిట్టి ఉంటే ఎదురు తిరిగేవాణ్ణి, కానీ నా మాటే నాకు తీర్పయింది. లోపలికి పోయి మోకాళ్ల మీద పడి, “ప్రభువా, నాకు దొరికిన కొత్త బతుకు నా బిడ్డకు దొరకకుండ అడ్డం నిలబడ్డాను, ఆమె నన్ను కాదు, ఆ గాయాన్ని వదిలించుకుంటున్నది, నాకిప్పటికి అర్థమైంది” అని ఒప్పుకున్నాను. బయటికి వచ్చి, “నడువు బిడ్డా, నోటరీ దగ్గరికి నేను గూడ వస్త,” అన్నాను.

అనుకున్న రోజున దాని స్కూటీ వెనకాల కూర్చొని వెళ్లాను, సుగుణ ఆటోలో వచ్చింది. అక్కడ ఇద్దరు సాక్షులు సంతకం పెట్టాలన్నారు. సుగుణ ఒక సంతకం పెట్టింది, రెండో సంతకానికి రావలసిన కెజియా స్నేహితురాలు ట్రాఫిక్‌లో ఇరుక్కుపోయింది. మూలన నిలబడ్డ నన్ను చూసి, “మీరెవరండి?” అని నోటరీ గారు అడిగారు. ఏమని చెప్పాలి? బిడ్డ ఏ పేరు వద్దని వచ్చిందో ఆ పేరు మనిషిని అని చెప్పాలా? నేను నోరు తెరవకముందే కెజియా, “మా నాయిన సార్. రెండో సంతకం ఈయననే పెడ్తడు,” అంది.

నాయిన! రెండేళ్ల మీద మళ్లీ విన్న మాట! నా ఇంటిపేరును నా బిడ్డ వదిలేసే కాగితం మీద, పాలమాకుల యాదగిరి అని పూర్తి పేరు రాశాను, కన్నీళ్లు ఆగలేదు కానీ అవి దుఃఖపు కన్నీళ్లు కావు.

మీలో ఎవరైనా నాలాగా ఇంట్లోవాళ్లను ఏడిపించి ఆ తర్వాత మారినవాళ్లుంటే, ఒక్క మాట చెబుతాను. దేవుడు క్షమించాడు కదా అని మనుషులను తొందరపెట్టకండి, వాళ్లకు కావలసినంత సమయం ఇవ్వండి. ఇంకా ఆ చీకటిలోనే ఉన్నవాళ్లు ఎవరైనా ఉంటే, నన్ను లేపిన ఏసయ్య మీ మంచం దగ్గరికీ వస్తాడు, నమ్మి ఒక్కసారి పిలవండి. నాకింత మేలు చేసిన దేవునికే మహిమ! ఇంటికి వెళ్లి ప్రార్థనలో కూర్చున్నప్పుడు దయచేసి నా బిడ్డను కూడా జ్ఞాపకం చేసుకోండి, చిట్యాల కెజియా అని తలచుకోండి.